ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్

ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ (డిసెంబర్ 16, 1857 - ఫిబ్రవరి 6, 1923) అమెరికాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త. ఈయన ఖగోళ ఛాయాగ్రహణానికి పునాదులు వేసినవారిలో ముఖ్యుడు. పాలపుంతను విశాల దృశ్యంగా ఫోటోలు తీయడం, బృహస్పతి ఉపగ్రహం అమాల్థియాను కనుగొనడం, బర్నార్డ్ నక్షత్రపు అసాధారణ చలనాన్ని గుర్తించడం, చీకటి నిహారికల జాబితాను రూపొందించడం ఈయన ప్రధాన కృషి. బాల్యంలో దాదాపు బడి చదువు లేని బర్నార్డ్ ఒక ఫోటో స్టూడియోలో పనివాడుగా జీవితాన్ని ప్రారంభించాడు. అక్కడ అలవడిన నైపుణ్యమే తరువాత ఈయన పరిశోధనకు ఆధారమైంది.

బాల్యం

బర్నార్డ్ టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ పట్టణంలో జన్మించాడు. తండ్రి రూబెన్ బర్నార్డ్ ఈయన పుట్టకముందే మరణించాడు. తల్లి ఎలిజబెత్ జేన్ ఇద్దరు కుమారులను కడు పేదరికంలో పెంచింది. అమెరికా అంతర్యుద్ధం (1861-1865) జరిగిన ఆ కాలంలో నాష్‌విల్ ప్రజలు అనేక కష్టాలు పడ్డారు. బర్నార్డ్ బడికి వెళ్ళినది సుమారు రెండు నెలలు మాత్రమే. చదవడం, వ్రాయడం తల్లి వద్దనే నేర్చుకున్నాడు.

1866లో, తొమ్మిదేళ్ళు నిండకముందే, జాన్ వాన్ స్టావోరెన్ నడిపే ఫోటో స్టూడియోలో పనికి చేరాడు. ఆ స్టూడియో పైకప్పు మీద ఫోటోలను పెద్దవిగా చేసే భారీ యంత్రం ఒకటి ఉండేది. దానికి 'జూపిటర్' అని పేరు. విద్యుద్దీపాలు లేని ఆ రోజులలో సూర్యకాంతినే నెగటివ్ గుండా పంపి, పెద్ద కాగితంపై బింబాన్ని పడవేసేవారు. ఆనాటి కాగితానికి కాంతిని గ్రహించే శక్తి తక్కువ కావడం వల్ల ఒక్కొక్క చిత్రానికి చాలాసేపు పట్టేది. ఆ సమయమంతా సూర్యుని గమనాన్ని అనుసరించి యంత్రాన్ని చేతితో కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. అంతకుముందు ఆ పనికి కుదిరిన పిల్లలు ఎండలో నిద్రపోయేవారు. బర్నార్డ్ మాత్రం నిద్రపోలేదు. మధ్యాహ్నపు గంట మ్రోగే వేళకు సూర్యుడు ఏడాది పొడవునా ఒకే చోట ఉండడం లేదన్న విషయాన్ని కూడా ఆ పనిలోనే గమనించాడు. గడియారపు కాలానికీ, సూర్యుని కాలానికీ మధ్యగల ఈ తేడాను శాస్త్రజ్ఞులు అప్పటికే ఎరుగుదురన్న సంగతి ఈయనకు చాలాకాలం తరువాత తెలిసింది.

ఈయన ఆ స్టూడియోలో సుమారు 17 సంవత్సరాలు పనిచేశాడు. గాజు పలకలపై రసాయనాలు పూయడం, నెగటివ్‌ను కడగడం, ప్రింట్లు వేయడం, కటకాల గుణదోషాలను గుర్తించడం వంటి పనులన్నింటినీ అక్కడే నేర్చుకున్నాడు. సహోద్యోగి జేమ్స్ బ్రెయిడ్ ఈయనకు ఒక చిన్న దూరదర్శిని తయారుచేసుకోవడంలో సాయపడ్డాడు. అక్కడే చిత్రకారులుగా పనిచేసిన కాల్వర్ట్ సోదరుల చెల్లెలు రోడాను 1881లో వివాహం చేసుకున్నాడు.

ఖగోళశాస్త్రంలో తొలి అడుగులు

పని ముగించుకొని రాత్రివేళ ఇంటికి నడిచి వెళ్ళేటప్పుడు బర్నార్డ్ నక్షత్రాలను గమనిస్తూ వాటి స్థానాలను గుర్తుంచుకునేవాడు. అయితే వాటి పేర్లు ఈయనకు తెలియవు. 1876లో ఒక పరిచయస్తుడు కొంత డబ్బు అప్పుగా తీసుకొని, హామీగా ఒక పుస్తకాన్ని ఇచ్చాడు. అది స్కాట్లండ్ రచయిత థామస్ డిక్ వ్రాసిన ఖగోళ గ్రంథం. అందులోని నక్షత్ర పటాలను ఆకాశంతో పోల్చి చూసి, తాను చిన్ననాటి నుండి ఎరిగిన చుక్కలకు పేర్లున్నాయని తెలుసుకున్నాడు. వేసవిలో నడినెత్తిన కనిపించే ప్రకాశవంతమైన తార అభిజిత్తు (వేగా) అని ఆ విధంగానే తెలిసింది.

తరువాత న్యూయార్క్‌కు చెందిన జాన్ బైర్న్ తయారుచేసిన 5 అంగుళాల వక్రీభవన దూరదర్శినిని 380 డాలర్లకు కొన్నాడు. అది ఈయన సంవత్సర జీతంలో సుమారు మూడింట రెండు వంతులు. 1877లో అమెరికా శాస్త్రాభివృద్ధి సంఘపు సమావేశం నాష్‌విల్‌లో జరిగినపుడు ప్రసిద్ధ ఖగోళవేత్త సైమన్ న్యూకోంబ్‌ను కలిశాడు. గణితం రాకుండా ఖగోళశాస్త్రంలో పెద్దగా సాధించగలిగేది లేదని న్యూకోంబ్ తెలిపాడు. చిన్న దూరదర్శినితోనైనా తోకచుక్కలను వెదకవచ్చునని కూడా సూచించాడు. మొదటి మాట బర్నార్డ్‌ను ఎంతో బాధించింది. అయినా సంపాదనలో కొంత వెచ్చించి గణితం నేర్చుకోసాగాడు. రెండవ సూచనను వెంటనే ఆచరణలో పెట్టాడు.

1881 సెప్టెంబరులో కనుగొన్న తోకచుక్క ఈయనకు గుర్తింపు తెచ్చింది. హెచ్. హెచ్. వార్నర్ అనే ధనికుడు అప్పట్లో అమెరికాలో కొత్త తోకచుక్కను కనుగొన్నవారికి 200 డాలర్ల బహుమతి ఇచ్చేవాడు. అప్పు చేసి కట్టుకున్న ఇంటి బాకీలను బర్నార్డ్ ఈ బహుమతులతోనే తీర్చుకుంటూ వచ్చాడు. ఆ ఇల్లు 'తోకచుక్కల ఇల్లు'గా పేరు పొందింది. జీవితకాలంలో ఈయన పదిహేనుకు పైగా తోకచుక్కలను కనుగొన్నాడు.

1883లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం ఈయనకు ఉపకారవేతనాన్ని ఇచ్చి, అక్కడి వేధశాల బాధ్యతను అప్పగించింది. 1884లో ధనుస్సు రాశిలో ఒక మసక వస్తువును కనుగొన్నాడు. అది నేడు బర్నార్డ్ గెలాక్సీ (ఎన్‌జీసీ 6822)గా ప్రసిద్ధమైంది. తరువాతి కాలంలో ఈయనకు ఇచ్చిన గౌరవ పట్టా ఆ విశ్వవిద్యాలయ చరిత్రలో ఏకైక గౌరవ పట్టాగా నిలిచిపోయింది.

లిక్ వేధశాల

1888లో కాలిఫోర్నియాలోని మౌంట్ హామిల్టన్‌పై లిక్ వేధశాల పని ప్రారంభించింది. దానిలోని 36 అంగుళాల వక్రీభవన దూరదర్శిని ఆనాటికి ప్రపంచంలో అతి పెద్దది. బర్నార్డ్ అక్కడి తొలి సిబ్బందిలో ఒకడు. కానీ సంచాలకుడు ఎడ్వర్డ్ హోల్డెన్ పెద్ద దూరదర్శినిని ఈయనకు చాలాకాలం కేటాయించలేదు. 1892 వేసవిలో వారానికి ఒక రాత్రి వాడుకునే అవకాశం లభించింది. అదే సంవత్సరం సెప్టెంబర్ 9న బృహస్పతికి అతి సమీపంగా తిరుగుతున్న ఒక చిన్న ఉపగ్రహాన్ని కనుగొన్నాడు. గెలీలియో 1610లో నాలుగు ఉపగ్రహాలను చూసిన తరువాత బృహస్పతికి కొత్తగా ఉపగ్రహం దొరకడం అదే మొదటిసారి. దీనికి తరువాత అమాల్థియా అని పేరు వచ్చింది. ఫోటో సాయం లేకుండా కంటితో చూసి కనుగొన్న గ్రహ ఉపగ్రహాలలో ఇదే చివరిది.

పాలపుంత ఛాయాచిత్రాలు

సుదూర ఆకాశ వస్తువులను ఫోటో తీయడం అప్పటికి కొత్త విద్య. 1880 సెప్టెంబర్ 30న హెన్రీ డ్రేపర్ మొదటిసారిగా ఓరియన్ నిహారికను ఫోటో తీశాడు. పొడి జెలటిన్ పలకలు వాడుకలోకి రావడంతో గంటల తరబడి ఎక్స్‌పోజర్ ఇవ్వడం సాధ్యమైంది. కన్ను కాంతిని నిలువ చేసుకోలేదు. పలక మాత్రం ఎంతసేపు తెరచి ఉంచితే అంత కాంతిని కూడబెట్టుకుంటుంది. అందువల్ల కంటికి కనిపించని మసక వస్తువులు కూడా పలకపై ముద్రితమవుతాయి.

అయితే పెద్ద దూరదర్శినులు ఆకాశంలో చాలా చిన్న భాగాన్నే చూపుతాయి. పాలపుంత మొత్తం ఆకాశంపై పరచుకొని ఉంటుంది. దానిని పట్టుకోవడానికి విశాల దృష్టి, తక్కువ నాభ్యంతరం గల కటకం కావాలి. ఈ అవసరాన్ని ఒక పాత స్టూడియో కటకం తీర్చింది. సుమారు 6 అంగుళాల వ్యాసం, 31 అంగుళాల నాభ్యంతరం గల ఈ 'విల్లార్డ్ కటకం' అంతకుముందు శాన్ ఫ్రాన్సిస్కోలో మనుషుల చిత్రపటాలు తీయడానికి వాడినది. దానిని జాన్ బ్రాషియర్ తిరిగి అరగదీసి సరిచేశాడు.

1889 వేసవిలో బర్నార్డ్ ఆ కటకం అమర్చిన కెమెరాను ఒక చిన్న దూరదర్శినికి జోడించి, ధనుస్సు రాశి వైపుగల పాలపుంతను ఫోటో తీయనారంభించాడు. భూభ్రమణం వల్ల నక్షత్రాలు కదులుతున్నట్లు కనిపిస్తాయి. దూరదర్శినిని తిప్పే గడియార యంత్రం ఈ కదలికను చాలావరకు సరిచేస్తుంది కానీ పూర్తిగా సరిచేయదు. యంత్రంలోని లోపాలు, దిగంతం సమీపంలో వాతావరణ వక్రీభవనం కారణంగా నక్షత్రం కొంచెం జరిగినా పలకపై చుక్కకు బదులు గీత పడుతుంది. అందుచేత జోడించిన దూరదర్శిని గుండా ఒక మార్గదర్శక నక్షత్రాన్ని అడ్డుతీగల కూడలి వద్ద నిలిపి, గంటల తరబడి చేతితో సవరిస్తూ ఉండాలి. బాల్యంలో సూర్యుని కోసం చేసిన పనినే ఇప్పుడు నక్షత్రాల కోసం చేయవలసి వచ్చింది. ఈ పలకలపై మేఘాల వంటి నక్షత్ర సమూహాలు, వాటి మధ్య నల్లని పాయలు అంతకు మునుపు ఎవరూ చూడనంత స్పష్టంగా కనిపించాయి.

1892 అక్టోబర్ 12న బర్నార్డ్ తన పలకపై ఒక తోకచుక్క గీతను గుర్తించాడు. ఫోటో ద్వారా కనుగొన్న మొట్టమొదటి తోకచుక్క ఇదే. తరువాత కనిపించకుండా పోయిన ఈ తోకచుక్క 2008లో తిరిగి దొరికింది. 1893లో బ్రూక్స్ తోకచుక్క తోక తెగి చెదిరిపోవడాన్ని ఈయన వరుస ఫోటోలలో నమోదు చేశాడు.

యెర్కీస్ వేధశాల

1895లో బర్నార్డ్ లిక్ వేధశాలను వదలి షికాగో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరాడు. ఆ విశ్వవిద్యాలయానికి చెందిన యెర్కీస్ వేధశాల విస్కాన్సిన్‌లోని విలియమ్స్ బే వద్ద 1897లో ప్రారంభమైంది. కేథరిన్ వుల్ఫ్ బ్రూస్ ఇచ్చిన 7,000 డాలర్ల విరాళంతో పాలపుంత చిత్రాల కోసమే ఒక ప్రత్యేక ఛాయాచిత్ర దూరదర్శినిని నిర్మించారు. 10 అంగుళాల ప్రధాన కటకం గల ఈ బ్రూస్ దూరదర్శిని 1904లో సిద్ధమైంది. జార్జ్ ఎల్లరీ హేల్ ఆహ్వానంపై 1905లో దీనిని కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్‌కు తరలించి, బర్నార్డ్ అక్కడ కొన్ని నెలలు పనిచేశాడు. విస్కాన్సిన్ నుండి చూస్తే దిగంతానికి దగ్గరగా ఉండే దక్షిణ పాలపుంత అక్కడ మరింత ఎత్తున కనిపించింది. ఈయన ఉత్తమ చిత్రాలలో అధికభాగం అక్కడ తీసినవే.

1916లో పాత, కొత్త పలకలను పోల్చినపుడు సర్పధారి రాశిలోని ఒక మసక నక్షత్రం ఏడాదికి 10.3 కోణీయ సెకన్ల చొప్పున స్థానం మారుతున్నట్లు గుర్తించాడు. ఇంత వేగంగా స్థానం మారే నక్షత్రం మరొకటి తెలియదు. సుమారు 6 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దీనిని బర్నార్డ్ నక్షత్రం అంటారు. దీని చుట్టూ ఒక గ్రహాన్ని 2024లోను, మొత్తం నాలుగు గ్రహాలను 2025లోను శాస్త్రజ్ఞులు ప్రకటించారు.

చీకటి నిహారికలు

పాలపుంతలోని నల్లని ప్రాంతాలు నక్షత్రాలు లేని రంధ్రాలని విలియం హెర్షెల్ కాలం నుండి భావించేవారు. బర్నార్డ్ కూడా మొదట అలాగే తలచాడు. అవి వెనుక నక్షత్రాలను కప్పివేసే పదార్థం కావచ్చునని ఆంగ్లేయ ఖగోళవేత్త ఆర్థర్ రాన్యార్డ్ 1890లలోనే సూచించినా ఈయన తొందరపడి అంగీకరించలేదు. పలకపై కనిపించే నలుపు కటకం దోషం వల్లనో, రసాయన చర్య వల్లనో కూడా రావచ్చునని స్టూడియో అనుభవం గల ఈయనకు బాగా తెలుసు. అందుచేత ఒకే ప్రాంతాన్ని వేర్వేరు కటకాలతో మళ్ళీమళ్ళీ ఫోటో తీశాడు.

1907లో వృషభ రాశిలో తీసిన చిత్రాలలో నల్లని పాయలు మసక నిహారికతో కలసిపోయి కనిపించాయి. ఖాళీ రంధ్రాలైతే నిహారికతో ఇలా కలసి ఉండవు. 1913లో ఒక వేసవి రాత్రి ధనుస్సులోని ప్రకాశవంతమైన నక్షత్ర మేఘాల ముందుగా చిన్న మబ్బు తునకలు సాగిపోతుండగా చూశాడు. అవి ఆకాశపు నల్ల మచ్చలను అచ్చంగా పోలి ఉండడం ఈయన నమ్మకాన్ని బలపరచింది. తొలి చిత్రాలు తీసిన ముప్పై ఏళ్ళకు, 1919లో, 182 చీకటి వస్తువుల జాబితాను ప్రచురించాడు. 1930లో రాబర్ట్ ట్రంప్లర్ నక్షత్రాల మధ్య కాంతిని శోషించే ధూళి ఉందని కొలతలతో నిరూపించాడు. ఇటువంటి చల్లని మేఘాలలోనే కొత్త నక్షత్రాలు పుడతాయని నేడు తెలుసు.

పాలపుంత అట్లాసు

ఫోటో తీయడం ఒక ఎత్తు, దానిని పాఠకునికి చెడకుండా చేర్చడం మరొక ఎత్తు. సాధారణ ముద్రణలో నక్షత్ర మేఘాల సున్నితమైన ఛాయాభేదాలు నశించిపోయేవి. ఈ అసంతృప్తి కారణంగా లిక్ వేధశాలలో తీసిన చిత్రాల సంపుటి 1913 వరకు వెలువడలేదు. యెర్కీస్, మౌంట్ విల్సన్ చిత్రాల విషయంలో బర్నార్డ్ అచ్చుయంత్రాన్ని పూర్తిగా విడిచిపెట్టాడు. ప్రతి పుటనూ ఫోటో కాగితంపైనే ప్రింటు వేయించాలని నిర్ణయించాడు. మూల పలక నుండి పాజిటివ్, దాని నుండి తగిన కాంతి భేదం గల రెండవ నెగటివ్ తయారుచేసి ప్రింట్లు వేయించాడు. 700 ప్రతులకు కావలసిన సుమారు 35 వేల ప్రింట్లను తానే స్వయంగా పరీక్షించాడు.

గ్రంథం వెలువడక ముందే ఈయన మరణించాడు. ఎడ్విన్ ఫ్రాస్ట్, రోడా మేనకోడలు మేరీ కాల్వర్ట్ మిగిలిన పనిని పూర్తిచేశారు. పాలపుంత అట్లాసు 1927లో కార్నెగీ సంస్థ ఆర్థిక సహాయంతో వెలువడింది. అందులో చేర్చిన తుది జాబితాలో మూడు వందలకు పైగా చీకటి వస్తువులు ఉన్నాయి.

చివరి రోజులు, గౌరవాలు

బర్నార్డ్ దంపతులకు సంతానం లేదు. 1921లో భార్య రోడా మరణించింది. మధుమేహంతో బాధపడిన బర్నార్డ్ 1923 ఫిబ్రవరి 6న విలియమ్స్ బేలో కన్నుమూశాడు. ఈయనను స్వస్థలమైన నాష్‌విల్‌లో ఖననం చేశారు.

ఈయనకు 1892లో ఫ్రెంచి అకాడమీ లాలాండ్ బహుమతి, 1897లో లండన్ రాయల్ ఆస్ట్రోనామికల్ సొసైటీ స్వర్ణపతకం, 1917లో బ్రూస్ పతకం లభించాయి. చంద్రునిపైన, అంగారకునిపైన ఒక్కొక్క బిలానికి, 819 బర్నార్డియానా అనే గ్రహశకలానికి ఈయన పేరు పెట్టారు.

నేటి ఔత్సాహికులు బర్నార్డ్ పద్ధతినే కొత్త పరికరాలతో అనుసరిస్తున్నారు. పలక స్థానంలో డిజిటల్ సెన్సరు, చేతి సవరణకు బదులు ఆటోగైడరు, ఒకే సుదీర్ఘ ఎక్స్‌పోజర్‌కు బదులు కంప్యూటరులో కలిపే అనేక చిన్న ఎక్స్‌పోజర్లు వచ్చాయి. వారు ఇష్టపడి తీసే గుర్రపు తల నిహారిక (విలియమీనా ఫ్లెమింగ్ 1888 నాటి పలకపై గుర్తించినది) బర్నార్డ్ 33గాను, సర్ప నిహారిక బర్నార్డ్ 72గాను ఇప్పటికీ ఈయన జాబితా సంఖ్యలతోనే వాడుకలో ఉన్నాయి.