హస్తవాసి – హ్యూ ఓవెన్ థామస్

విరిగిన ఎముక చక్కగా అతకాలంటే అది కదలకుండా ఉండాలి. ఈనాడు అందరికీ తెలిసిన ఈ సత్యాన్ని నమ్మి, దానికోసం జీవితాంతం ఒంటరిగా కృషిచేసిన వైద్యుడు హ్యూ ఓవెన్ థామస్.

ఆయన 1834 ఆగస్టు 23న వేల్స్‌లోని ఆంగ్ల్‌సీ ద్వీపంలో జన్మించాడు. ఆయన పూర్వులు తరతరాలుగా విరిగిన ఎముకలు సరిచేసి కట్లు కట్టేవారు. తండ్రి ఈవాన్ థామస్ లివర్‌పూల్ నగరంలో ఆ వృత్తిలో మంచి పేరు గడించాడు. అయితే ఆయనకు పట్టా లేదు. ఆ కారణంగా వైద్యులు ఆయనను పలుమార్లు న్యాయస్థానానికి ఈడ్చారు. తన బిడ్డలకు అట్టి అవమానం కలుగరాదని ఆయన ఐదుగురు కుమారులకూ వైద్యవిద్య చెప్పించాడు.

హ్యూ ఎడింబరోలోను, లండన్‌లోను చదివి 1857లో శస్త్రవైద్యుడుగా అర్హత పొందాడు. కొంతకాలం తండ్రి వద్ద పనిచేసి, అభిప్రాయభేదాలు రాగా వేరుపడ్డాడు. అయినను వంశపారంపర్యంగా వచ్చిన హస్తనైపుణ్యాన్ని విడిచిపెట్టలేదు. లివర్‌పూల్‌లో నెల్సన్ వీథిలోని తన ఇంటిలోనే ఒక కార్ఖానా నెలకొల్పాడు. అక్కడ కమ్మరి ఇనుప ఊచలు వంచేవాడు. తోలుపనివాడు పట్టీలు కుట్టేవాడు. ఆ విధంగా ప్రతి రోగికీ తగిన కొలతలతో ఉపకరణాలు సిద్ధమయ్యేవి. ఆదివారాలలో ఆయన పేదలకు ఉచితంగా వైద్యం చేసేవాడు. రేవులోని కూలీలు, వారి పిల్లలు ఆ వాకిట బారులు తీరేవారు.

ఆ కాలంలో కీళ్లకు క్షయ సోకినా, ఎముక విరిగి చర్మాన్ని చీల్చుకొని వచ్చినా, వైద్యులు తరచుగా ఆ అవయవాన్నే తొలగించేవారు. థామస్ ఈ పద్ధతిని వ్యతిరేకించాడు. మోకాటి వ్యాధి కోసం ఆయన ఒక ఉపకరణాన్ని రూపొందించాడు. తోలు చుట్టిన ఇనుప వలయం గజ్జల వద్ద ఆనుతుంది. దాని నుండి రెండు ఊచలు కాలికి ఇరువైపులా సాగి పాదం కింద కలుస్తాయి. పాదాన్ని అక్కడ లాగి కట్టితే కాలు కదలదు. 1875లో ఆయన తన పద్ధతులను గ్రంథరూపంలో ప్రకటించాడు. కాని ఏ ఆసుపత్రిలోను పదవి లేని ఆయన మాటను వైద్యలోకం అంతగా పట్టించుకోలేదు. 1891 జనవరి 6న ఆయన మరణించగా, లివర్‌పూల్ పేదలు వేలాదిగా వచ్చి కన్నీటితో సాగనంపారు.

ఆయన శిష్యుడు, భార్య వైపు బంధువు అయిన రాబర్ట్ జోన్స్ ఆ విద్యను కాపాడాడు. 1914లో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైంది. తూటా తగిలి తొడ ఎముక విరిగిన సైనికులలో చాలామంది దారిలోనే మరణించేవారు. బలమైన తొడ కండరాలు విరిగిన ముక్కలను లాగుతాయి. వాటి మొనలు లోపలి కండను చీల్చి రక్తస్రావం కలిగిస్తాయి. థామస్ ఉపకరణం ఆ లాగుడును అదుపుచేసింది. 1917లో అరాస్ యుద్ధంలో ఈ గాయం తగిలిన వేయిమందికి పైగా సైనికులలో మరణాలు నూటికి సుమారు 16కు తగ్గాయి.

పట్టాలేని తండ్రి నేర్పిన పనితనానికి శాస్త్రజ్ఞానం తోడుచేసినవాడు థామస్. ఆయన జీవించి ఉండగా దక్కని గౌరవం ఆయన ఉపకరణానికి దక్కింది. నేటికీ మన ఆసుపత్రులలో అది థామస్ స్ప్లింట్ అనే పేరుతో క్షతగాత్రుల కాలిని నిలబెడుతూనే ఉంది.