నక్షాలు గీసిన చేతితో కెమెరా పట్టిన రాజా దీన్ దయాళ్

ఇంట్లో పిల్లవాడు ఫోటోగ్రాఫర్‌నవుతానంటే పెద్దలకు గుబులు పుడుతుంది. ఏ కాలేజీలో నేర్చుకున్నావు, నెలకు ఎంత వస్తుంది అన్న రెండు ప్రశ్నలు వెంటనే వస్తాయి. ఈ రెండింటికీ నూటయాభై ఏళ్ళ కిందటే తన జీవితంతో జవాబు చెప్పిన మనిషి రాజా దీన్ దయాళ్. ఆయన తెలుగువారు కారు. పుట్టింది ఉత్తరాదిన, పేరు స్థిరపడింది సికింద్రాబాదులో. నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడిగా ఆయన పేరు మన పాఠకుల్లో చాలామంది వినే ఉంటారు. కాని ఆ స్థానానికి ఆయన ఒక సర్కారు ఆఫీసు బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళారన్న సంగతి అందరికీ తెలియదు.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదివారు. నేటి రూర్కీ ఐఐటీ అదే. చదువు ముగిశాక 1866లో ఇండోర్‌లో ప్రజా పనుల శాఖలో చేరారు. కట్టడాలకు నక్షాలు గీయడం, ఖర్చు అంచనాలు వేయడం ఆయన పని. నెల తిరిగేసరికి జీతం వచ్చే కొలువు. ఆ కాలంలో అంతకన్నా ఎవరు మాత్రం ఏమి కోరుకుంటారు?

సుమారు 1874లో, ముప్పయ్యేళ్ళ వయసులో, ఆయన కెమెరా పట్టుకున్నారు. ఉద్యోగం చేస్తూనే తీరిక వేళల్లో సాధన చేశారు.

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే ఎంత పని ఉండేదో కాస్త చెప్పాలి. ఫిల్ము లేదు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పలచగా, సమంగా పారించాలి. దాన్ని చీకట్లో సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. మళ్ళీ తడి ఆరకముందే చీకటి గుడారంలోకి పరుగెత్తి రసాయనాలతో కడగాలి. మన ఎండల్లో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? కొండ మీది కోట బొమ్మ కావాలంటే గుడారం, సీసాలు, గాజు పలకలు, నీళ్ళు అన్నీ కొండ మీదికి మోయించాలి. చేయి కాస్త వణికితే, దుమ్ము పడితే, ఆ పలక వృథా. 1880 ప్రాంతంలో ముందే సిద్ధం చేసిన పొడి పలకలు బజారులోకి వచ్చాక కొంత సులువైంది. దీన్ దయాళ్ రెండు రకాలతోనూ పనిచేశారు.

ఈ కష్టంలో ఆయనకు అక్కరకు వచ్చింది పాత పనే అని నాకు అనిపిస్తుంది. ఏ గోడ నిటారుగా ఉంది, ఏ స్తంభం ఎంత ఎత్తు, ఎక్కడ నిలబడితే కట్టడం మొత్తం వంకర లేకుండా కనబడుతుంది అన్నది నక్షాలు గీసేవాడికి నిత్యం చూసే వ్యవహారం. ఆయన తీసిన కోటలు, గుడులు చూడండి. గీతలన్నీ తిన్నగా ఉంటాయి. ఎన్నో ఫోటోల అడుగున నెంబరు, స్థలం పేరు ఉంటాయి. ఆఫీసు ఫైలుకు నెంబరు వేసినంత శ్రద్ధగా ఆయన తన పలకలకు నెంబరు వేయించారు. ఏ బొమ్మ ఎక్కడిదో ఈనాటికీ తెలుస్తోందంటే అందులో ఆ నెంబర్ల పుణ్యం చాలా ఉంది.

పెద్దల ఆదరణ కూడా కలిసివచ్చింది. ఇండోర్ మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, అక్కడి బ్రిటిష్ ప్రతినిధి సర్ హెన్రీ డేలీ ఆయన్ను ప్రోత్సహించారు. 1875-76లో వేల్స్ యువరాజు ఇండియాకు వచ్చినప్పుడు ఫోటోలు తీసే అవకాశం దొరికింది. తర్వాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట మధ్య భారతమంతా తిరిగారు. గ్వాలియర్ కోట, ఖజురహో గుడులు, సాంచీ స్తూపం ఆయన కెమెరాలోకి వచ్చాయి. ఆ ఫోటోలతో గ్రిఫిన్ వెలువరించిన గ్రంథం 1886లో లండన్‌లో అచ్చయింది.

ఇక ఉద్యోగం సంగతి. గుమాస్తా పని చేసి రిటైరైన నాకు ఈ ఘట్టమే అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. ఆయన ఒక్కసారిగా రాజీనామా కాగితం పడేయలేదు. పదేళ్ళకు పైగా కొలువు చేస్తూనే ఫోటోలు తీశారు. తర్వాత దీర్ఘకాలపు సెలవు పెట్టి ఊళ్ళు తిరిగి, గిరాకీ ఉందని తేలాకనే సర్కారు పని వదిలారు. అప్పటికి ఆయనకు నలభై దాటింది. పిల్లలున్న సంసారి ఆ వయసులో నిలకడైన జీతం వదులుకోవడం చిన్న సాహసం కాదు.

1880ల మధ్యలో వైస్రాయి డఫరిన్ ఆయన్ను తన ఫోటోగ్రాఫర్‌గా నియమించారు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. తెలివైన ఎంపిక అది. ఒక పక్క కంటోన్మెంటు దొరలు, మరో పక్క హైదరాబాదు నవాబులు. ఫోటోలు దిగేవారికి కొదవ లేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన్ను ఆస్థానంలోకి తీసుకుని, 1894లో రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా నియామక పత్రం అందింది.

పరదా పాటించే స్త్రీలు మగవాళ్ళ ముందు ఫోటో దిగరు. వారి కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యత మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. 1896లో బొంబాయిలోనూ స్టూడియో పెట్టారు.

ఆయన కెమెరా దర్బారుల దగ్గరే ఆగిపోలేదు. 1902లో వరంగల్ జిల్లా నెక్కొండ దగ్గర వేటాడిన పులి పక్కన నిలబడ్డ కర్జన్ దంపతుల ఫోటో లోకప్రసిద్ధం. అంతకు కొద్దికాలం ముందే, కరువు రోజుల్లో, నిజాం రాజ్యంలోని ఔరంగాబాదు వైపు సాగిన సహాయ పనులనూ ఫోటోలు తీశారు. పులి వేట, కరువు పని రెండూ ఒకే సంస్థానంలోవి. రెండింటికీ సాక్ష్యం ఆయన స్టూడియోనే.

చివరి రోజులు సుఖంగా గడవలేదు. చేతికి అందివచ్చిన కొడుకు ధరమ్ చంద్ 1904లో కన్నుమూశారు. మరుసటి ఏడు, 1905 జులైలో, దీన్ దయాళ్ కూడా పోయారు. స్టూడియోను మరో కొడుకు జ్ఞాన్ చంద్ నడిపారు. 2,800కు పైగా గాజు నెగటివ్‌లు ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 2006లో తపాలా శాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది.

ఫోటోగ్రఫీలో పట్టా లేకపోయినా ఆయన శిక్షణ లేనివాడని అనలేం. పదేళ్ళ సాధన, నక్షాల మీద కుదిరిన చూపు, లెక్క తప్పని అలవాటు, ఇవే ఆయన చదువు. కాబట్టి మన ఇంటి పిల్లవాడు కెమెరా కావాలంటే కాదనకండి. ఉద్యోగం మానేస్తానంటే మాత్రం, దీన్ దయాళ్ గారిలా ముందు సెలవు పెట్టి చూడమనండి.