చట్టాలు తర్జుమా చేసిన చేతితో తొలి నవల
(డిప్యూటీ నజీర్ అహ్మద్ గారి జీవితం)

ఉర్దూ చదివిన ఇళ్లలో డిప్యూటీ నజీర్ అహ్మద్ గారి పేరు తెలియని వారు అరుదు. అక్బరీ, అస్గరీల కథ మనలో చాలామంది దాదీ, నానీల నోట విన్నదే. అయితే ఆ కథ రాసినాయన అంతకు ముందు చట్టాలతో కుస్తీ పట్టిన మనిషి అనే సంగతి కొద్దిమందికే తెలుసు.

ఆయన 1830వ దశకంలో బిజ్నోరు జిల్లాలో ఒక బీద మౌల్వీ కుటుంబంలో జన్మించారు. చిన్నతనంలోనే చదువుకోసం ఢిల్లీ చేరి, ఔరంగాబాదీ మసీదులో ఉండి అరబ్బీ నేర్చుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి రొట్టెలు తెచ్చుకోవాలి. ఒక ఇంట్లోనైతే రొట్టె ఇచ్చే ముందు మసాలా నూరించేవారు. చెయ్యి ఆగితే ఆ ఇంటి చిన్నపిల్ల వేళ్ల మీద కొట్టేదట. తరువాత ఆ పిల్లే ఆయన భార్య అయిందని శిష్యుడు మీర్జా ఫర్హతుల్లా బేగ్ తన జ్ఞాపకాలలో రాశారు.

పిమ్మట ఢిల్లీ కాలేజీలో చేరారు. తండ్రిగారు ఇంగ్లీషు వద్దన్నందున అరబ్బీ శాఖలోనే చదివారు. ఉద్యోగంలో ప్రవేశించాక స్వయంకృషితో ఇంగ్లీషు పట్టుకున్నారు. ముందు బడిపంతులు, తరువాత పాఠశాలల డిప్యూటీ ఇన్స్పెక్టరు. 1860లో భారత శిక్షాస్మృతి చట్టమైనపుడు దాన్ని ఉర్దూలోకి తెచ్చే పనిలో ముఖ్యపాత్ర ఆయనదే. "తాజీరాతె హింద్" అనే మాట అలా వాడుకలోకి వచ్చింది. 2024 జూలై 1న ఆ చట్టమే రద్దయింది గాని మాట మాత్రం జనం నోట నిలిచే ఉంది. ఆ కృషి ఫలితంగా ఆయనకు రెవిన్యూ శాఖలో ఉద్యోగం, డిప్యూటీ కలెక్టరు పదవి లభించాయి.

ఇక నవల సంగతి. తన ఆడపిల్లలు చదూకోవడానికి తగిన పుస్తకం ఆయనకు ఎక్కడా దొరకలేదు. దొరక్కపోతే తానే రాయాలి గదా! కచేరీ పని ముగించుకొని కొన్ని పేజీలు రాసి ఇచ్చేవారు, పిల్లలు చదివి ఇంకా కావాలనేవారు. విద్యాశాఖ డైరెక్టరు కెంప్సన్ దొరకు ఆ కాగితాల సంగతి ఆయన కుమారుడు బషీర్ ద్వారా తెలిసిందని చెబుతారు. అదే 1869లో వెలువడిన "మిరాతుల్ ఉరూస్". ఉర్దూలో తొలి నవలగా దీనినే చెప్పుకుంటారు. ప్రభుత్వం వెయ్యి రూపాయల బహుమానం ఇచ్చి, 2000 ప్రతులు కొన్నది.

గారాబంతో చెడిన అక్బరీ ఒక మాయలాడి మాటలు నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. చెల్లెలు అస్గరీ లెక్కలు చూసి పనిమనిషి దొంగతనం పట్టుకుంటుంది, ఇంట్లోనే ఆడపిల్లలకు బడి పెడుతుంది. అస్గరీ మరీ తప్పులేని మనిషిగా కనబడుతుందని విమర్శకులు అన్నారు. అది నిజమే. కానీ ఢిల్లీ బేగమాతుల జబాన్ అచ్చంగా వినిపించేది ఆ పుస్తకంలోనే.

1877లో సాలార్ జంగ్ పిలుపుమీద హైదరాబాదు వచ్చి 1884 వరకు నిజాం సర్కారులో పనిచేశారు. వితంతువుల పునర్వివాహం కోసం 1891లో "అయామా" రాశారు. ఖురానుకు ఆయన చేసిన ఉర్దూ అనువాదం ప్రసిద్ధం. 1902లో ఎడింబరో విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1912లో ఢిల్లీలో కన్నుమూశారు.

సోదరులారా! రొట్టెకోసం మసాలా నూరిన కుర్రవాడు ఇంత ఎత్తుకు ఎదిగాడు, సరే. కాని బిరుదులకంటె పెద్ద పని, కూతుళ్లకోసం కలం పట్టడం. మన ఇళ్లలో ఆడపిల్ల చేతికి ఈ ఏడు ఏ పుస్తకం ఇచ్చామో ఒక్కసారి ఆలోచించుకుందాం.