ధ్రువజ్యోతుల మర్మము నెరిగిన బిర్కెలాండు

మన రెడ్డిగూడెపు మామిడితోటలపై రాత్రివేళ నక్షత్రములు తళతళలాడును గాని ధ్రువజ్యోతి కానరాదు. ఉత్తరదేశములందు శీతకాలపు రాత్రులలో ఆకాశమున ఆకుపచ్చని తెరవలె ఊగులాడు వెలుగే ధ్రువజ్యోతి. అది విజృంభించినపుడు అచ్చటి అయస్కాంతసూచి నిలుకడ లేక చలించును. ఈ రెంటికిని గల సంబంధమును శోధించుటకై జీవితమును ధారవోసిన శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండు.

ఇతడు 1867వ సంవత్సరము డిసెంబరు 13వ తేదీన, ఇప్పుడు ఓస్లో యనబడు నార్వే నగరమున జన్మించెను. 1899-1900 శీతకాలమును ఉత్తర నార్వేలోని హాల్డె పర్వతశిఖరమున గడపి, గాలివానలకును మంచునకును వెరవక కొలతలు తీసెను. సహచరుడైన బోయే యను యువకుడు మంచుచరియ క్రిందబడి మరణించెను. అయినను బిర్కెలాండు పూనిక విడువక, 1902-03లో నార్వే, ఐస్‌లాండు మొదలగు నాలుగు చోట్ల పరిశోధనాస్థానములను నెలకొల్పెను.

పిమ్మట గాలి తీసివేసిన పెట్టెలో అయస్కాంతపు గోళము నొకదానిని భూమికి మారుగా నిలిపి, దానిపై విద్యుత్కణములను ప్రసరింపజేసెను. గోళపు ధ్రువములచుట్టును కాంతివలయములు వెలిగెను! సూర్యుని నుండి వచ్చు కణములే జ్యోతికి కారణమనియు, విద్యుత్ప్రవాహములు అయస్కాంతరేఖల వెంబడి ఆకాశమునుండి దిగి మరల పైకేగుననియు అతడు నిశ్చయించెను.

ఇంజనీరగు శామ్ ఐడెతో గూడి, విద్యుజ్జ్వాలచే గాలిలోని నత్రజనినుండి ఎరువు చేయు పద్ధతిని గూడ నతడు కల్పించెను. దానివలన 1905లో నార్స్క్ హైడ్రో కంపెనీ వెలసెను. తనకు చేకూరిన ధనమును పరిశోధనలకే వెచ్చించెను.

అయినను పండితులు పెక్కుమంది అతని సిద్ధాంతమును అంగీకరింపలేదు. ఆంగ్లశాస్త్రజ్ఞుడగు సిడ్నీ చాప్మన్, ఆ ప్రవాహములు భూమిపై వాయుమండలమునందే తిరుగునని వాదించెను. నేలపై తీసిన కొలతలు మాత్రమే ఈ వివాదమును తీర్పజాలకుండెను. బిర్కెలాండు 1917వ సంవత్సరము జూను 15వ తేదీన, స్వదేశమునకు దూరముగా టోక్యో నగరమున, తన 49వ యేట కాలధర్మము నొందెను.

అర్ధశతాబ్దము గడచెను. 1966లో ప్రకటింపబడిన యొక అమెరికా ఉపగ్రహపు కొలతలయందు ఆ ప్రవాహముల జాడ కనబడెను. నేడు వానికి అతని పేరే పెట్టిరి. సూర్యుని నుండి వచ్చు ప్లాస్మా యను విద్యుత్కణసమూహము చాలవరకు భూమిపై తిన్నగా పడదనియు, భూమి అయస్కాంతావరణము దానిని ప్రక్కకు మరల్చుననియు ఇప్పుడు తెలిసినది. రాత్రివైపున తోకవలె సాగిన భాగమున శక్తి కూడి, నిలుకడ తప్పినపుడు హఠాత్తుగా విడుదలయగును. అప్పుడు అయస్కాంతరేఖలు మీటిన వీణతంత్రులవలె కంపించును. ఆ తరంగములు కణములను భూమివైపునకు తరుమగా జ్యోతి వెలుగును. అయస్కాంతపు తుపాను చెలరేగినపుడు, కంటికి తెలియకున్నను, మన యూరిలోని సూచియు కొంచెము కదలును.

బాలబాలికలారా! సత్యము వెంటనే మన్నన పొందకపోవచ్చును. శ్రద్ధతో తీసి భద్రపరచిన కొలత మాత్రము వ్యర్థము కాదు. బిర్కెలాండు తన విజయమును కన్నులార చూడలేదు. అయినను చేయవలసిన పని చేసి వెళ్లెను.