ఫిడేలు నాయుడుగారు

మహదేవపూరు ప్రాంతములో టస్సరు పట్టుదారమును గుర్తుపట్టనివారు ఉండరు గాని, ఫిడేలు తీగను దగ్గరగా చూచినవారు మా విద్యార్థులలో బహు కొద్దిమంది. సినిమా పాటల వెనుక వినిపించే వాద్యమని, దొరలు తెచ్చిన వాద్యమని మాత్రమే వారెరుగుదురు. రెండవ మాట నిజమే. ఆ దొరల వాద్యముతో తెలుగునాట ఇంటింటి పేరైన ఒక ఉపాధ్యాయుని జీవితమును, ఆయన కుటుంబమును గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు చెప్పదలచినాము. ఉపాధ్యాయుడని కావాలనే అంటున్నాము. లోకము శ్రీ ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని మహావిద్వాంసుడని స్మరించుకొంటున్నది గాని, వారు దశాబ్దముల పాటు ఒక కళాశాలలో పాఠము చెప్పినారన్న సంగతిని అంతగా తలచుకొనుట లేదు.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళి పండుగ నాడు, బెంగుళూరులో జన్మించినారు. పెరిగినది విశాఖపట్నములో. చిన్నతనము నుండియు చూపు మందము. పుస్తకములోని అక్షరము, నల్లబల్ల మీది అక్షరము రెండును కష్టమైన బాలునికి ఆ రోజులలో బడి ఎంతకాలము నిలుచును? చదువు మధ్యలోనే ఆగిపోయినది. అక్షరమే అన్నము పెట్టునని నమ్మే మధ్యతరగతి ఇంటిలో ఇది చిన్న కష్టము కాదు. అయితే అన్నగారు వెంకటకృష్ణయ్యగారు ఫిడేలు తెలిసినవారు. తమ్ముని చేతికి కమాను ఇచ్చి స్వరములు దిద్దించినవారు ఆయనే. బడి మూసిన తలుపును ఇల్లు తెరచినది.

ఇక్కడ వాద్యమును గూర్చి కొంత చెప్పక తప్పదు. వీణకు మెట్లు ఉన్నవి. ఏ మెట్టు మీద ఏ స్వరమో కంటికి కనిపించును. ఫిడేలుకు మెట్లు లేవు. నాలుగు తీగలు, నునుపైన పలక, అంతే. వ్రేలు ఎక్కడ ఆనవలెనో చెవియే చెప్పవలెను. వెంట్రుకవాసి జరిగినను అపస్వరమే. ఈ వాద్యమును మన సంగీతములోనికి తెచ్చినవారిలో ప్రథములు, 19వ శతాబ్ది ఆరంభమున మద్రాసు పరిసరములలో ఒక ఐరోపా వాదకుని వద్ద నేర్చుకొన్న బాలుస్వామి దీక్షితులు. ఆయన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు. ఐరోపావారు దానిని భుజము మీద, గడ్డము క్రింద ఉంచి నిలబడి వాయింతురు. మనవారు నేల మీద కూర్చుండి, దాని తలను కుడికాలి చీలమండ వద్ద ఆనించి వాయింతురు. చేయి జారుటకు వీలు కలిగి, గమకము పలికినది అందువలననే. సారంగీ విన్న మా ఉర్దూ విద్యార్థులకు కమానుతో పలికే తీగ పూర్తిగా క్రొత్తది కాదు.

1919లో విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను స్థాపించినారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కుమారుడు అంధుడగుట చూచి, ఆ బాలునికి సంగీతము చెప్పించవలెనన్న తలంపుతో ఆరంభమైన ప్రయత్నము కళాశాలగా విస్తరించినదని చెప్పుదురు. దానికి మొదటి ప్రిన్సిపాలు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఫారసీ నేర్చి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతములోనికి, అచ్చతెలుగులోనికి తెచ్చిన పండితుడు ఆయన. మా కళాశాల వంటి చోట ఈ ఒక్క సంగతికైనను ఆయన పేరు తెలిసియుండవలెను.

అటువంటి చోటికి వెంకటస్వామి నాయుడుగారు విద్యార్థిగా చేరుటకు వెళ్ళినారు. ఫిడేలు వినిపించినారు. వినినవారు ఆయనను విద్యార్థుల బల్ల మీద కూర్చుండబెట్టలేదు, అధ్యాపకునిగా నియమించినారు. అప్పటికి ఆయన వయస్సు 26 సంవత్సరములకు లోపు. చేతిలో యోగ్యతాపత్రము ఏదియు లేదు. ఎం.ఏ. పట్టము చేతబట్టుకొని ఉద్యోగమునకు తిరిగిన మా వంటివారికి ఈ ఘట్టము చదివినప్పుడెల్ల కొంత సిగ్గు, కొంత సంతోషము కలుగుచుండును. 1936లో నారాయణదాసుగారి అనంతరము నాయుడుగారే ప్రిన్సిపాలు అయినారు. గాత్రము నేర్చుకొన్న ఘంటసాల వెంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలో పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద శిక్షణ పొందినది నాయుడుగారు ప్రిన్సిపాలుగా ఉన్న కాలములోనే. 2010లో పద్మభూషణ్ పొందిన నూకల చినసత్యనారాయణగారు నాయుడుగారి శిష్యులు.

కచేరీలో ఫిడేలుది చిరకాలముగా ప్రక్క స్థానము. గాయకుడు రాగము ఆలపించును. ఫిడేలు అతని వెంట నీడవలె సాగి, అతడు ఆగినచోట తన వంతు వాయించి, మరల వెనుకకు తగ్గవలెను. ఇది తక్కువ పని కాదు. ఎదుటివాని మనస్సులోని తరువాతి సంగతిని ముందే ఊహింపగల నేర్పు కావలెను. నాయుడుగారు ఈ పనిలో పేరు గడించినారు. కాని ఫిడేలు ఒంటరిగా నిలిచి రాగమంతటిని పలుకగలదని వారి నమ్మకము. 1938లో వేలూరులో వారు ఫిడేలును ప్రధాన వాద్యముగా నిలిపి కచేరీ చేసినారు. నేడు ఫిడేలు సోలో కచేరీకి వెళ్ళేవారికి ఇందులో వింత కనిపించదు. పాట లేనిచోట ఫిడేలుకు పనేమని అడిగే రోజులలో అది సాహసమే. వారి కమాను పొడుగైనది, మృదువైనది. ఒక్క లాగుడులో స్వరము తెగకుండ సాగును, గీరిన ధ్వని ఉండదు. పాశ్చాత్య వాదకుల కమాను పనిని శ్రద్ధగా విని, అందులో మనకు పనికివచ్చినదానిని మాత్రము తీసికొనుట వారి పద్ధతి. పరభాషా సాహిత్యమును చదువు మా విద్యార్థులు ఈ పద్ధతిని గమనింపవలెనని మా కోరిక.

1941లో మద్రాసు సంగీత అకాడమీ వారు సంగీత కళానిధి బిరుదము ఇచ్చినారు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. బిరుదముల పట్టికను ఇంతటితో చాలింతుము. వీటికంటె 1952 నాటి ఒక సాయంకాలము మాకు పెద్దదిగా తోచును. ఆ ఏడు ప్రపంచ ప్రసిద్ధుడైన ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనుహిన్ భారతదేశమునకు వచ్చినారు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నారుగారి ఇంట నాయుడుగారు ఆయన ఎదుట వాయించినారు. ఐరోపానుండి ఓడమీద వచ్చిన వాద్యము ఒకటిన్నర శతాబ్దము తరువాత ఎట్లు మాట్లాడుచున్నదో ఐరోపా సంప్రదాయమున పెరిగిన వాదకుడు ఒక తెలుగు పంతులు చేతిలో విన్నాడు.

ఇక కుటుంబము. అన్నగారు తమ్మునికి ఇచ్చిన విద్య అన్నగారి ఇంటికే తిరిగి వచ్చినది. వెంకటకృష్ణయ్యగారి కుమారుడు ద్వారం నరసింగరావు నాయుడుగారు పినతండ్రి బాటలో ఫిడేలు విద్వాంసుడై, అదే విజయనగర కళాశాలలో అధ్యాపకుడై, ప్రిన్సిపాలు అయినారు. వారి కుమారుడు ద్వారం దుర్గాప్రసాదరావుగారు కూడ అదే వాద్యము, అదే కళాశాల, అదే పదవి. నాయుడుగారి కుమార్తె మంగతాయారుగారు తండ్రి వద్దనే నేర్చి మద్రాసులో ఆ బాణీని నిలిపినారు. ఆడపిల్ల చేతికి కమాను ఇచ్చి వేదిక ఎక్కించుట ఆ తరములో ప్రతి ఇంటను జరిగిన పని కాదని మా విద్యార్థినులు గమనింతురు గాక. కుమారుడు భావనారాయణరావుగారు విజయనగరములో సంగీతము చెప్పినారు. ఆయన వద్ద నేర్చుకొన్నవారిలో పి. సుశీలగారు ఒకరు. మహదేవపూరు బజారులో ఏ కొట్టు ముందు నిలబడినను ఆమె పాట ఎన్నడో ఒకనాడు చెవిని పడియే ఉండును.

నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూసినారు. శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలాశాఖవారు వారి బొమ్మతో బిళ్ళ విడుదల చేసినారు. విజయనగరములోని ఆ కళాశాల ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా మారినది. అందులో ఫిడేలు పాఠము సాగుచునే ఉన్నది.