వర్ణలేఖన పితామహుడు మిఖాయిల్ త్స్వెత్

రష్యను భాషలో త్స్వెత్ అంటే రంగు. ఉర్దూలో రంగ్ అన్నా, తెలుగులో రంగు అన్నా మాట ఒక్కటే కనుక, మన కళాశాల విద్యార్థులకు ఆ పేరు అర్థం చెప్పడానికి పెద్ద ప్రయాస అక్కరలేదు. ఆ ఇంటిపేరు గల వృక్షశాస్త్రజ్ఞుడు మిఖాయిల్ సెమ్యోనోవిచ్ త్స్వెత్ ఆకులోని రంగులను విడదీసే మార్గం కనిపెట్టి, దానికి గ్రీకు పదాలతో క్రొమాటోగ్రఫీ, అనగా వర్ణలేఖనం, అని నామకరణం చేశాడు. అందులో ఆయన ఇంటిపేరు కూడ దాగి ఉండటం చూచి ముచ్చటపడినవారు పెక్కుమంది.

ఆయన 1872 మే 14న ఇటలీలోని ఆస్తి పట్టణంలో జన్మించాడు. తండ్రి రష్యను, తల్లి ఇటలీ దేశస్థురాలు. బిడ్డ పుట్టిన కొద్దికాలానికే తల్లి గతించింది. బాల్యమూ విద్యాభ్యాసమూ స్విట్జర్లాండులో గడిచాయి. 1896లో జెనీవా విశ్వవిద్యాలయం డాక్టరు పట్టా ఇచ్చింది. ఆ ఏడే తండ్రిదేశం చేరగా, పరదేశపు పట్టా అక్కడ చెల్లలేదు. డాక్టరైనవాడు మరల కజాన్ విశ్వవిద్యాలయంలో మాస్టరు పట్టాకై శ్రమించి 1901లో దానిని సంపాదించవలసి వచ్చింది. పిదప వార్సాలో సహాయకుని ఉద్యోగం లభించింది. ఆ నగరం నాడు రష్యా సామ్రాజ్యంలోనిది.

ఆకుపచ్చదనం ఒకే పదార్థమా, అనేక పదార్థాల కలయికా అన్నది నాటి వివాదం. త్స్వెత్ సన్నని గాజు గొట్టంలో మెత్తని సుద్దపొడిని గట్టిగా కూరి, ద్రావకంతో తీసిన ఆకుల సారాన్ని పైనుండి పోశాడు. దాని వెనుకనే శుద్ధ ద్రావకాన్ని పోస్తూ వచ్చాడు. పొడికి గట్టిగా అంటుకొనే వర్ణకం పైన నిలిచింది. పట్టు తక్కువైనది కిందికి సాగింది. కెరొటీను అన్నిటికంటె ముందు దాటిపోయింది. పసుపు కలసిన పచ్చ, నీలం కలసిన పచ్చ, పసుపుపచ్చ పట్టీలు వేటికవి తెల్లని పొడిలో తీరాయి. ఆ పొడిని కడ్డీవలె బయటికి తోసి, పట్టీలను కత్తితో కోసి, ఒక్కొక్క వర్ణకాన్ని వేరుగా కడిగి తీశాడు. పత్రహరితం ఒకటి కాదు, రెండని తేలింది. 1903లో వార్సాలో ఈ విధానాన్ని గురించి తొలి ఉపన్యాసమిచ్చాడు. 1906లో జర్మను వృక్షశాస్త్ర పత్రికలో రెండు వ్యాసాలు ప్రకటించి, మరుసటి ఏడు బెర్లినులో ప్రదర్శించి చూపాడు.

రసాయన శాస్త్రజ్ఞులు మాత్రం విశ్వసించలేదు. వారికి తూచి చూపదగిన స్ఫటికాలు కావాలి. గొట్టంలో దొరికేది కొద్దిపాటి రంగు. పొడి తాకిడికి వర్ణకాలే మారిపోతాయేమోనని రిచర్డ్ విల్‌స్టాటర్ వంటి మహామహుడు శంకించాడు. ఆ శంక పూర్తిగా నిరాధారమని అనలేము. కొన్ని పొడులు వర్ణకాలను చెడగొట్టే మాట నిజమే. కాని అన్ని పొడులనూ ఒకే గాట కట్టి విధానాన్నే తోసివేయడం న్యాయం కాదు. ప్రతివాదులకు బదులివ్వడంలో త్స్వెత్ కలమూ పదునైనదే. పత్రహరితం రెండు విధాలని విల్‌స్టాటర్ తరువాత తన సొంత పద్ధతిలోనే నిరూపించాడు. 1915 నోబెల్ బహుమతి ఆయనకు లభించింది. త్స్వెత్ పేరును 1918లో హాలండు వృక్షశాస్త్రజ్ఞుడొకరు ప్రతిపాదించినా బహుమతి రాలేదు.

1910లో వెలువడిన గ్రంథమే ఆయన జీవితసారం. అది రష్యను భాషలో ఉండిపోయింది. ఇంతలో యుద్ధం వచ్చింది. 1915లో జర్మను సేనలు వార్సాను ఆక్రమించగా మాస్కోకు, అక్కడినుండి నీజ్నీ నొవ్‌గొరోద్‌కు తరలిపోయాడు. 1917లో యూర్యెవ్ విశ్వవిద్యాలయంలో ఎట్టకేలకు ఆచార్యపదవి దక్కింది. మరుసటి ఏడే ఆ ఊరూ జర్మనుల వశమైంది. ఆరోగ్యం చెడిన మనిషి వొరోనెజ్ చేరి, 1919 జూన్ 26న నలుబదియేడవ ఏట అక్కడే కన్నుమూశాడు. ఆ 1919లోనే కేంబ్రిడ్జిలో ఆస్టన్ పరమాణువులను వాటి ద్రవ్యరాశిని బట్టి వేరుచేసే యంత్రాన్ని నిర్మించాడు.

ఇక్కడ భాషా విద్యార్థులు గమనింపదగిన సంగతి ఒకటి ఉంది. త్స్వెత్ గ్రంథానికి జర్మను అనువాదపు వ్రాతప్రతి ఒకటి విల్‌స్టాటర్ వద్దనే ఉండేది. అది ఆయన శిష్యుడు రిచర్డ్ కూన్ చేతికి వచ్చింది. హైడెల్‌బర్గులో కూన్ వద్ద పనిచేస్తున్న ఎడ్గార్ లెడరర్ దానిని చదివి, గొట్టం పట్టి, 1931లో క్యారెట్ కెరొటీనును రెండు రకాలుగా విడదీశాడు. విధానాన్ని శంకించినవాని అలమారులోనుండే అది తిరిగి ప్రాణం పోసుకొన్నది.

1952లో జేమ్స్, మార్టిన్ అనువారు ద్రావకానికి బదులు వాయువును ప్రవహింపజేసి వాయు వర్ణలేఖనాన్ని రూపొందించారు. ఆ దశకం మధ్యలో అమెరికాలో గోల్కే, మెక్‌లాఫర్టీ దానిని ద్రవ్యరాశి వర్ణపటమాపనికి జోడించారు. ఆవిరి చేసిన మిశ్రమం నిడుపాటి గొట్టంలో సాగుతూ విడిపోతుంది. ఒక్కొక్క పదార్థం తన వంతు సమయానికి బయటికి రాగా, ఎలక్ట్రానుల తాకిడికి దాని అణువులు ముక్కలవుతాయి. ఆ ముక్కల బరువుల పట్టికను తెలిసిన పదార్థాల పట్టికలతో పోల్చి దాని పేరు నిర్ణయిస్తారు. క్రీడాకారుల మూత్రంలోని మాదకద్రవ్యమైనా, ధాన్యంలోని క్రిమిసంహారకపు జాడయైనా నేడు ఇట్లే పట్టుబడుతున్నవి. వాటిలో చాలవాటికి రంగే లేదు. అయినను ఆ విధానాన్ని వర్ణలేఖనమనే పిలుస్తున్నారు.