సిపాయి కూతురు హాటీ మెక్‌డానియల్

ఇంగ్లీషు సినిమాలు చూసే అలవాటున్న మన సభ్యులకు 'గాన్ విత్ ద విండ్' అనగానే స్కార్లెట్ ఓహారా గుర్తుకు వస్తుంది. అమెరికా దక్షిణాదిలో పత్తి తోటల యజమాని కూతురు. మహా పంతం మనిషి. అంతర్యుద్ధంలో ఆస్తి పోయినా, ఊరు తగలబడినా తన మాటే నెగ్గాలనుకునే పిల్ల. ఆ వేషం వేసిన వివియన్ లీ మన డార్జిలింగ్‌లో పుట్టింది కాబట్టి ఆమె మీద మనకు కొంచెం అభిమానం ఎక్కువ కూడా. అయితే నేను రాయబోయేది ఆమె గురించి కాదు. అదే సినిమాలో స్కార్లెట్ నడుముపట్టీ తాళ్ళు బిగిస్తూ, బిగిస్తూనే చీవాట్లు పెట్టే లావుపాటి దాది 'మామీ' గురించి. ఆ దాది వేషం వేసినామె పేరు హాటీ మెక్‌డానియల్.

ఈమెనే ఎందుకు ఎంచుకున్నానో ముందే చెప్పాలి. ఉద్యోగంలో చాలా ఏళ్ళు నేను పెన్షను కాగితాలు చూసే సెక్షనులోనే గడిపాను. హాటీ కథ నాకు మొదట పట్టుబడింది ఆమె తండ్రి పెన్షను కథ వల్లనే.

ఆమె తండ్రి హెన్రీ మెక్‌డానియల్ వర్జీనియాలో బానిసగా పుట్టాడు. అంతర్యుద్ధం వచ్చాక ఉత్తరాది సైన్యంలో నల్లజాతివారి కోసం ఏర్పడిన 12వ పటాలంలో చేరి, తనను బానిసగా ఉంచిన దక్షిణాది మీదే తుపాకి పట్టాడు. 1864 డిసెంబరులో నాష్‌విల్ దగ్గర జరిగిన యుద్ధంలో దవడ ఎముక విరిగింది. ఆ గాయం జన్మంతా వదలలేదు. బరువు పనులు చేయలేక, ఇల్లు గడవక, గాయపడ్డ సిపాయిలకు ప్రభుత్వం ఇచ్చే పెన్షను కోసం అర్జీ పెట్టాడు. అక్కడి నుంచి మొదలైంది తిరుగుడు. యుద్ధంలోనే గాయమైందని రుజువేదీ, ఆసుపత్రి రికార్డు ఏదీ, సాక్షులెవరూ అంటూ ఏళ్ళ తరబడి తిప్పారు. బానిసగా పుట్టినవాడికి పుట్టిన తేదీ కాగితం ఎక్కడ నుంచి వస్తుంది? చివరికి ముసలితనంలో కొద్దిపాటి పెన్షను మంజూరైంది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉందని వెనక్కి వచ్చిన ఫైళ్ళు నేనూ చూశాను. కానీ దవడ విరిగిన మనిషి ఎదురుగా నిలబడినా ఇన్నేళ్ళు పట్టిన కేసు నాకు తెలిసి మరొకటి లేదు.

హెన్రీ, సూసన్ దంపతులకు పదముగ్గురు సంతానం. అందరిలోకి చిన్నది హాటీ. కాన్సాస్ రాష్ట్రంలోని విచిటాలో 1893 జూన్ 10న పుట్టింది. 1895 అని రాసినవారూ ఉన్నారు, ఆ తేడా ఈ ఇంటికి కొత్త కాదు. తరువాత కుటుంబం కొలరాడోకు వెళ్ళి డెన్వర్‌లో స్థిరపడింది. తల్లి చర్చిలో పాడేది. పిల్లలకు గొంతు ఆమె నుంచే వచ్చింది. 1910లో బడిలో ఉండగా పద్యపఠనం పోటీలో హాటీకి పతకం వచ్చింది. అంతటితో చదువు ఆపేసి అన్నగారి బృందంతో ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. అన్నలు, అక్కలు అందరూ పాటలు, హాస్యం, వేషాలు కలిపి ప్రదర్శనలు ఇచ్చేవారు. మన సురభి వారిని తలుచుకుంటే ఆ జీవితం ఎలాంటిదో అర్థమవుతుంది. 1914లో అక్కతో కలిసి ఆడవాళ్ళతోనే సొంత బృందం పెట్టింది. మరుసటి ఏడే మొదటి భర్త చనిపోయాడు. 1920లలో ఒక వాద్యబృందంతో దేశమంతా తిరిగింది, రేడియోలో పాడింది, గ్రామఫోను రికార్డులు ఇచ్చింది.

అంతలో 1929 వచ్చింది. షేర్ మార్కెట్ కుప్పకూలడంతో నాటకాల బృందాలన్నీ మూతపడ్డాయి. చేతిలో డబ్బు లేకుండా హాటీ మిల్వాకీ చేరింది. అక్కడ ఒక క్లబ్బులో ఆమెకు దొరికిన పని ఆడవాళ్ళ మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించడం. పదిహేనేళ్ళకు పైగా రంగస్థలం మీద నిలబడ్డ మనిషి ఆ పనిని చిన్నతనంగా భావించి వెళ్ళిపోలేదు. పాడతానని అడిగింది. తెల్లవారు మాత్రమే పాడే ఆ క్లబ్బులో ఒక రాత్రి అవకాశం వచ్చింది. ఆ తరువాత ఆమె పాట కోసమే జనం రావడం మొదలైంది.

1931లో లాస్ ఏంజెలెస్ వెళ్ళింది. అన్న, అక్కలు అప్పటికే అక్కడ సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేస్తున్నారు. హాటీకి రేడియోలో ఒక హాస్య కార్యక్రమం దొరికింది, పేరూ వచ్చింది. కానీ జీతం ఇల్లు గడవడానికి సరిపోక పగలు ఇళ్ళలో పనిమనిషిగా చేసేది. సినిమాల్లో ఇచ్చేదీ పనిమనిషి వేషమే. చాలా సినిమాల్లో పేరు కూడా వేయలేదు.

మార్గరెట్ మిచెల్ నవల 1936లో వచ్చింది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. నిర్మాత డేవిడ్ సెల్జ్నిక్ దాన్ని తెరకెక్కిస్తున్నాడని తెలియగానే దాది వేషానికి గట్టి పోటీ ఏర్పడింది. చివరికి హాటీకే దక్కింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ నవల, ఆ సినిమా బానిసత్వపు రోజులను బంగారు రోజుల్లాగా చూపిస్తాయి. యజమానులంతా దయగలవారు, బానిసలంతా విశ్వాసపాత్రులు! ఆ రాజ్యాన్ని కూలగొట్టడానికి దవడ విరగ్గొట్టుకున్న సిపాయి కూతురు, అదే రాజ్యంలో యజమానురాలి క్షేమం తప్ప వేరే ఆలోచన లేని బానిస దాదిగా నటించాలి. తప్పు ఆమెది అనను. ఆ రోజుల్లో నల్లజాతి నటికి అంతకంటే పెద్ద వేషం ఇచ్చేవారే లేరు. కానీ సినిమాను మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదని నా అభిప్రాయం.

వేషం అదే అయినా ఆమె దాన్ని తలవంచుకుని వేయలేదు. ఆ ఇంట్లో స్కార్లెట్ మనసులోని దురాలోచనను మొదట పసిగట్టేది మామీ. మొహం మీదే చెప్పేదీ ఆమే. రెట్ బట్లర్ తెచ్చి ఇచ్చిన ఎర్ర పట్టులంగాను మొదట కట్టుకోకుండా పట్టుదలకు పోయి, అతడి మీద గౌరవం కలిగాక కట్టుకుని, గలగలమని చప్పుడు వినిపించేటట్టు నడుస్తుంది. చివరి భాగంలో చిన్నపిల్ల గుర్రం మీద నుంచి పడి చనిపోయాక మెలనీని వెంటబెట్టుకుని మెట్లెక్కుతూ, ఆ ఇంట్లో ఏం జరుగుతున్నదో చెప్పే దృశ్యం ఉంది. రెట్ తలుపు వేసుకుని బిడ్డ శవాన్ని పూడ్చనివ్వడం లేదు. దాన్ని చెబుతూ, ఏడుస్తూ, ఆయాసపడుతూ ఆమె మెట్లు ఎక్కుతుంది. దాదాపు నాలుగు గంటల సినిమాలో నాకు గుండె పట్టుకున్న చోటు అదే.

1939 డిసెంబరు 15న అట్లాంటాలో మొదటి ప్రదర్శన జరిగింది. ఊరంతా పండగ. కానీ హాటీకి ఆహ్వానం లేదు. జార్జియా రాష్ట్రపు చట్టం ప్రకారం నల్లవారు తెల్లవారితో కలిసి కూర్చోకూడదు. అక్కడ పంచిన కార్యక్రమ పత్రంలో ఆమె బొమ్మ కూడా తీసేశారు. ఆమె రానిదే నేనూ వెళ్ళనని క్లార్క్ గేబుల్ పట్టుబట్టాడని, హాటీయే నచ్చజెప్పి పంపిందని చెబుతారు. ఆ సంబరాల్లో భాగంగా జరిగిన విందులో నల్లజాతి చర్చి పిల్లల చేత బానిస వేషాలు వేయించి పాడించారు. ఆ పిల్లల్లో పదేళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు.

1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలెస్‌లోని అంబాసిడర్ హోటల్లో ఆస్కార్ సభ జరిగింది. ఆ హోటల్లోకి నల్లవారికి ప్రవేశం లేదు. సెల్జ్నిక్ ప్రత్యేకంగా అనుమతి తీసుకుంటే లోపలికి రానిచ్చారు గాని, మిగతా నటీనటులతో కాకుండా గోడ పక్కన వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఉత్తమ సహాయ నటి పోటీలో ఆమెతోపాటు అదే సినిమాలో మెలనీగా నటించిన ఒలివియా డి హావిలాండ్ కూడా ఉంది. హాటీ పేరు పిలిచారు. ఆ బల్ల దగ్గర నుంచి వేదిక దాకా నడిచి వెళ్ళి, కృతజ్ఞతలు చెబుతూ కన్నీళ్ళు పెట్టుకుంది. ఆస్కార్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. మరో నల్లజాతి నటికి ఆ బహుమతి రావడానికి 1991 దాకా ఆగవలసి వచ్చింది.

బహుమతి వచ్చాక దశ తిరగలేదు. మళ్ళీ పనిమనిషి వేషాలే వచ్చాయి. పైగా సొంతవాళ్ళ నుంచే విమర్శ మొదలైంది. నల్లజాతి హక్కుల సంఘ నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్ వచ్చి, ఇలాంటి వేషాలు మన జాతికి అవమానమని, ఆపించాలని గట్టిగా ప్రయత్నించాడు. ఆయన వాదన నిజమే. ఆ వేషాలు ఆగిపోతే వాటితో బతికే వారు ఏం చేయాలన్న హాటీ ప్రశ్న కూడా నిజమే. మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించిన మనిషికి వేషం కట్టి సంపాదించడం చిన్నతనంగా కనబడదు. ఈ తగవులో ఎవరి పక్షం వహించాలో నాకు నేటికీ తేలలేదు.

ఆమె పోరాడని మనిషి మాత్రం కాదు. 1940లలో లాస్ ఏంజెలెస్‌లో షుగర్ హిల్ అనే పేటలో పెద్ద ఇల్లు కొనుక్కుంది. ఆ పేట దస్తావేజుల్లో నల్లవారికి ఇళ్ళు అమ్మకూడదన్న షరతు ఉండేది. కొందరు తెల్లవారు వీరిని ఖాళీ చేయించాలని కోర్టుకెక్కారు. హాటీ తన ఇంట్లోనే ఇరుగుపొరుగు నల్లజాతి వారిని సమావేశపరిచి వ్యాజ్యం నడిపించింది. 1945 డిసెంబరులో జడ్జి ఆ దావా కొట్టివేశాడు. 1948లో అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని అమెరికా సుప్రీం కోర్టే తీర్పు ఇచ్చింది.

సంసార సుఖం ఆమెకు దక్కలేదు. నాలుగు పెళ్ళిళ్ళు. మొదటి ఇద్దరు భర్తలు పోయారు, తరువాతి ఇద్దరితో విడాకులు. యాభై దాటిన వయసులో తల్లిని కాబోతున్నానని నమ్మి ఉయ్యాల, బట్టలు అన్నీ సిద్ధం చేసుకుంది. అది నిజం కాదని డాక్టర్లు చెప్పిన తరువాత చాలా కాలం కోలుకోలేదు.

1947 నుంచి 'బ్యూలా' రేడియో నాటకంలో ముఖ్య పాత్ర ఆమెదే. వారానికి వెయ్యి డాలర్లు. 1951లో టెలివిజన్‌లోనూ ఆ పాత్ర మొదలుపెట్టింది గాని కొద్ది భాగాలకే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 1952 అక్టోబరు 26న సినిమా వారి విశ్రాంతి గృహంలో కన్నుమూసింది.

హాలీవుడ్ శ్మశానంలో పూడ్చమని వీలునామాలో కోరుకుంది. నల్లవారికి చోటు లేదని అక్కడి యజమాని ఒప్పుకోలేదు. రోజ్‌డేల్‌లో పూడ్చారు. 1999లో కొత్త యజమాని వచ్చి, కుటుంబం వారు అస్థికలు కదపవద్దంటే ఆమె పేరున హాలీవుడ్‌లో గులాబీ రాతి స్మారకం కట్టించాడు. 2006లో అమెరికా తపాలా శాఖ ఆమె బొమ్మతో బిళ్ళ వేసింది.

ఆస్కార్‌ను హోవార్డ్ విశ్వవిద్యాలయానికి రాసిపెట్టింది. ఆ రోజుల్లో సహాయ నటులకు బొమ్మ కాకుండా ఫలకం ఇచ్చేవారు. చనిపోయేనాటికి ఆదాయపు పన్ను బాకీ ఆస్తి విలువ కంటే ఎక్కువ. ఆ లెక్కలు కట్టిన గుమాస్తాలు ఆస్కార్ ఫలకానికి విలువ ఏమీ లేదని రాసుకున్నారు. తరువాత అది విశ్వవిద్యాలయం చేరింది గాని 1970ల మొదట్లో కనబడకుండా పోయింది. ఎవరు తీశారో తేలలేదు. 2023 అక్టోబరులో అకాడమీ వారు అలాంటిదే మరొకటి చేయించి హోవార్డ్ వారికి అప్పగించారు.